నీటి అభిషేకం ఎరుగని వెచ్చమ్మ

పూర్వం కొల్లేటి నడుమ గువ్వలలంక అనే దీవిలో సింగారమ్మ అనే సాధ్వి బాతులను మేపుకొని జీవించేది. ఒకే వర్షాకాలంలో భర్తా బిడ్డా జ్వరంతో పోయినా ఆమె దైవాన్ని నిందించక, లంకలోని ఇరవై గడపల బాతులన్నిటినీ కన్నబిడ్డల్లా సాకేది. ఆ బాతులు చేలల్లో పురుగును ఏరి తింటేనే లంకకు పంట, వాటి గుడ్లు పొరుగూళ్ళకు పోతేనే లంకకు ఉప్పూ పప్పూ. బాతు బతికితే ఊరు బతికినట్టేనని అక్కడి పెద్దలు అనేవారు.

ఒక కార్తీకంలో పెనుగాలి లేచి, సరస్సు పొంగి, ఇళ్ళూ మందలూ సమస్తం కొట్టుకుపోయాయి. ఊరిపెద్ద చలమయ్య ధాన్యపు గాదె ఒక్కటే నిలిచింది. ఊరివారంతా అందులోనే తలదాచుకున్నారు. సింగారమ్మ ఒక గంపెడు బాతుగుడ్లను నెత్తిన పెట్టుకొని, మెడలోతు నీటిలో నడిచి వచ్చింది గనుక అవి దక్కాయి. పెద్దబాతు ఒక్కటైనా మిగలలేదు కాబట్టి, గాదె కప్పు మీదికెక్కి బతికిన పది కోళ్ళ కింద ఆమె ఆ గుడ్లను పొదిగించింది. నెల తిరగకముందే నూరు పిల్లలు పెంకు పగలగొట్టుకొని వచ్చాయి. ప్రళయం తరువాత ఆ లంకలో నవ్వు వినిపించింది ఆనాడే.

పిల్లలు పుట్టిన మూడోనాడు వాటికి 'నీళ్ళు చూపడం' ఆ లంక ఆచారం. సింగారమ్మ తన అత్తగారు చేసినట్టే ఒడ్డున పసుపు చల్లి, పిల్లలను సరస్సులోకి వదిలింది. చేపపిల్లకు ఈత నేర్పాలా అని అందరూ ముచ్చటపడి చూశారు. తల్లిబాతు రెక్కల కింద పొదువుకున్నప్పుడు దాని ఒంటి నూనె పిల్లల నూగుకు అంటుతుందనీ, ఆ నూనె లేని పిల్ల దూదిలా తడిసి ముద్దవుతుందనీ ఎవరికీ తోచలేదు. తల్లిలేని పిల్లలను వారు ఏనాడూ చూసి ఉండలేదు మరి. ఒడ్డున కోళ్ళు రెక్కలు కొట్టుకుంటూ అరుస్తుండగా కొన్ని మునిగిపోయాయి, కొన్ని గట్టెక్కి వణికి వణికి ప్రాణం విడిచాయి. అరవై పోయాయి. ఆచారం తెలుసుగాని దాని వెనుక తల్లి ఉందని తెలియలేదే అని సింగారమ్మ గుండె బాదుకుంది.

బెదిరిన కోళ్ళు మిగిలిన నలభై పిల్లలను దగ్గరకు రానీయలేదు. అంతలో ముసురు పట్టింది. ఆమె గంపను పమిటతో కప్పుకొని గాదె వాకిట నిలిచింది.

"పెద్దయ్యా, ఓ మూల ఇయ్యి చాలు. ఊక మీద పడుకోబెట్టుకుంటాను. ముసురు తగ్గంగానే తీసుకుపోతాను."

"ఉన్న విత్తనం ఇంతే, సింగారం" అన్నాడు చలమయ్య. "బాతునోరు పడితే రేపు ఊరేం చల్లుకుంటది? అరవైటిని నీళ్ళపాలు చేసిన చెయ్యి నీది. ఉన్నవాటిని నువ్వే చూసుకో."

ఆయన మాటలోనూ న్యాయం లేకపోలేదు. అయినా ఒక మూలకు కరువొచ్చే గాదె కాదది. లోపల ఊరంతా విన్నది. ఎవరో ఒక ఊకకుంపటిని మాత్రం బయటికి తోసి, తలుపు గడియ పెట్టారు.

ఆమె దిబ్బ మీదికి పోయి, చేతులతో గుంట తవ్వి, గడ్డి పరచి, పిల్లలను కుంపటి చుట్టూ చేర్చి కాచుకుంది. ముంగిస వస్తే కేకవేసి తరిమింది. రెండోనాటికి కుంపటి ఆరిపోయింది. అప్పుడామె మోకాళ్ళ మీద వంగి, వీపును వానకిచ్చి, కడుపు కింద పిల్లలను పొదువుకుంది. 'తల్లీ గంగా, తీసుకున్నవి చాలు, వీటిని నాకు వదిలెయ్' అని వేడుకుంది. ఒక్కొక్క పిల్లనూ వేలితో తడిమి, గుండె కొట్టుకుంటోందని తెలుసుకొని ఊరట చెందింది. తన ఒళ్ళు బిగుసుకుపోతున్నదని తెలిసినా కదలలేదు.

నాలుగోనాడు వాన వెలిశాక జనం వచ్చారు. ఆమె వీపు మంచులా చల్లబడి ఉంది. కింద నలభై పిల్లలూ పొడిగా, వెచ్చగా కిచకిచలాడుతున్నాయి. పిల్లలను తీసి ఆమెను లేపబోతే నలుగురు మగవాళ్ళకు కదలలేదు, అప్పటికే ఆ దేహం శిల అయింది.

గాదెలోని విత్తనం చల్లారు, మొలిచింది, పురుగు పట్టింది. ఆ పురుగును ఏరి తిని పంట నిలబెట్టినవి ఆ నలభై బాతులే. చలమయ్య సిగ్గుతో కుంగి ఆ తల్లికి గుడి కట్టించబోతే కప్పు మూడుసార్లు కూలింది. అడిగిననాడు ఇవ్వని నీడ చచ్చాక ఆమెకెందుకు?

నేటికీ ఆమెను వెచ్చమ్మ అని కొలిచే ఆ వెచ్చమ్మదిబ్బ మీద అమ్మవారికి కప్పు లేదు, నీటి అభిషేకం లేదు. వెచ్చటి ఊకబూడిదే అభిషేకం. వంగిన శిల కింది గుంటలో చెయ్యి పెడితే ఎంత ముసురులోనైనా వెచ్చగా తగులుతుంది. కొత్తగా పుట్టిన బాతుపిల్లలను ముందు అక్కడ పడుకోబెట్టి, రెక్క ఈకలు వచ్చాకనే నీళ్ళు చూపుతారు. ఏటా పుష్యమాసంలో తిరునాళ్ళ మూడు రోజులూ చలమయ్య వంశస్థులు తమ గాదెకు గడియ పెట్టరు, లోపల ఒక మూల ఊక పరచి ఉంచుతారు. ఆ మూలకు ఇంతవరకు ఎవరూ రాలేదు.