తెర మీద దుప్పి, వాగులో ఎలుగు

అనగనగా ఒక అడవి. పొద్దు వాలింది. సన్నగా తుంపర పడుతోంది. చెంగమ్మ అనే కుందేలు తన నలుగురు పిల్లలనూ పొదువుకుని కూర్చుని, ముళ్ళపంది సూదయ్యకు ఒక కథ చెబుతోంది.

అది వాళ్ళ అమ్మమ్మ చెప్పిన కథ. ఎప్పుడో వాగు పొంగిందట. జడలవ్వ అనే ఎలుగుబంటి నీళ్ళలోకి దిగిందట. "నా జూలు పట్టుకోండర్రా" అని పిల్లలందరినీ వీపున ఎక్కించుకుని ఒడ్డుకు చేర్చిందట. ఆ పిల్లల్లో చెంగమ్మ అమ్మమ్మ కూడా ఉంది.

సూదయ్య బొమ్మలాట ఆడిస్తాడు. ఎండిన మోదుగాకులను కొరికి బొమ్మలు చేస్తాడు. తన ముల్లుతోనే వాటికి బెజ్జాలు పొడుస్తాడు. గిజిగాళ్ళు అల్లిన పల్చటి తెర వెనక మిణుగురులు చేరతాయి. బెజ్జాల్లోంచి వెలుగు వస్తే బొమ్మకు ప్రాణం వచ్చినట్టే ఉంటుంది.

"కథ బ్రహ్మాండం చెంగమ్మా! ఒక్క చిన్న మార్పు. ఎలుగును తీసేసి దుప్పిని పెడదాం" అన్నాడు సూదయ్య.

"అదేంటి మామా?"

"దుప్పికి ఒళ్ళంతా చుక్కలు. చుక్కకో బెజ్జం పొడిస్తే తెర తళతళలాడిపోతుంది. ఎలుగుకు ఎక్కడని పొడవను? అంతా నలుపేనాయె! అయినా ఎవరు మోస్తే ఏంటి, పిల్లలు ఒడ్డున పడ్డారా లేదా?"

చెంగమ్మకు మనసొప్పలేదు. కానీ సూదయ్య పెద్దవాడు. పైగా తన కథ తెరకెక్కుతోంది. తల ఊపింది.

"ఆటలో ఒక బూచి కూడా కావాలి. ఆ వేషం ఎలుగుకు ఇద్దాంలే" అన్నాడు సూదయ్య.

చెంగమ్మ దానికీ తల ఊపింది.

మొదటి సాయంత్రం వాగు మధ్య ఇసుకదిబ్బ మీద ఆట పెట్టారు. దుప్పి తెర మీదకు రాగానే పిల్లలు ఎగిరి గంతులేశారు. ఒక ఎలుగుపిల్ల మాత్రం, "అమ్మా, మన జడలవ్వ ఏది?" అని అడిగింది.

దాని తల్లి ఎలుగక్క చెంగమ్మ దగ్గరకు వచ్చింది. "చెల్లీ, ఈ కథ మా ఇంట్లోనూ చెప్పుకుంటాం. నా బిడ్డకు ఇప్పుడు ఏమని చెప్పను?"

"ఆటే కదక్కా" అంది చెంగమ్మ. ఆమె మొహం చూడలేకపోయింది.

రెండో సాయంత్రం కుందేలు పిల్లలు, "బూచి వచ్చిందిరోయ్, దాక్కోండి!" అని అరిచారు. ఎలుగుపిల్ల ఏడుస్తూ వెళ్ళిపోయింది.

మూడో సాయంత్రం ఎలుగక్క, ఆమె పిల్ల ఆటకు రాలేదు. పైన కొండల్లో మబ్బు కమ్మింది. చెంగమ్మ గరిక కోసం ఒడ్డెక్కింది. వెనక పెద్ద హోరు. తిరిగి చూసేసరికి ఇసుకదిబ్బ చుట్టూ ఎర్రటి నీళ్ళు.

దిబ్బ మీద తెర కడుతున్న సూదయ్య, ఆట చూడ్డానికి వచ్చిన ఒక దుప్పి, పిల్లలు చిక్కుకుపోయారు. కుందేలు పిల్లలు, ముంగిస పిల్లలు అందరూ దుప్పి మీదకు ఎగబడ్డారు. ఎక్కారు, జారారు. మళ్ళీ ఎక్కారు, మళ్ళీ జారారు.

"నా ఒళ్ళు నున్నన తల్లీ, పట్టు దొరకదు!" అని దుప్పి బావురుమంది.

అప్పుడు ఎలుగక్క పరిగెత్తుకొచ్చి, తన పిల్లను ఒడ్డున నిలిపి వాగులోకి దిగింది.

"బూచి! బూచి!" పిల్లలు వెనక్కి వెనక్కి జరిగారు. చిన్నవాడి వెనక కాళ్ళు నీళ్ళలో పడ్డాయి.

చెంగమ్మ నీళ్ళ అంచుకు ఉరికింది. గట్టిగా అరిచింది. "బూచి కాదర్రా! మీ ముత్తవ్వను మోసింది ఎలుగే! కథ మార్చింది సూదయ్య మామ, తల ఊపింది మీ అమ్మ! ఎక్కండి! జూలు పళ్ళతో పట్టుకోండి!"

ఎలుగక్క వంగింది. పిల్లలు ఎక్కి ఆ జూలును కరిచి పట్టుకున్నారు. ఆ పొడుగాటి వెంట్రుకల్లో ఒక్కరూ కనబడకుండా పోయారు. నీళ్ళు ఆమె మెడ దాకా వచ్చాయి. ఒక చెట్టు మొద్దు కొట్టుకొచ్చి భుజానికి తగిలింది. ఆమె తూలలేదు. వాగులో ఒక కొండ నడిచి వస్తున్నట్టుంది. చెంగమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. నలుపు ఇంత పెద్దదని ఆమెకు ఇంతవరకూ తెలియదు.

"మా అమ్మ నన్ను రోజూ అలాగే మోస్తుంది" అంది పక్కన నిలబడ్డ ఎలుగుపిల్ల, మామూలుగా.

ఎలుగక్క మూడుసార్లు వాగు దాటింది. మొదట కుందేలు పిల్లలు. తర్వాత ముంగిస పిల్లలు. ఆఖరున సూదయ్య.

"అక్కా, నా ముళ్ళు గుచ్చుకుంటాయేమో..."

"మాట్లాడక ఎక్కు."

దుప్పి తనంతట తనే ఈదుకొచ్చింది.

ఒడ్డున చెంగమ్మ లెక్కపెట్టింది. తన పిల్లలు నలుగురు. ముంగిస పిల్లలు ముగ్గురు. దుప్పి. తల దించుకున్న సూదయ్య. ఎలుగుపిల్ల. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఇంకొకరు తక్కువ. ఎలుగక్క ఇంకా మోకాలి లోతు నీళ్ళలో నిలబడి రొప్పుతోంది.

"రా అక్కా" అంది చెంగమ్మ. "నువ్వు కూడా వస్తేగానీ నా లెక్క పూర్తి కాదు."

ఎలుగక్క ఒడ్డెక్కింది. పదకొండు.

నీతి: కథను తెరకెక్కించేటప్పుడు ఎన్నైనా మార్చవచ్చు, ఆ కథ ఎవరి వీపు మీద నడిచిందో వాళ్ళను మాత్రం దించేయకూడదు.