పెట్టెకి సమ్మతమే

వకుళకు ముప్పై నాలుగేళ్ళు. పళ్ళు తోముకుంటున్నా సరే, ఎవరి మాటలైనా చెవినపడితే ఆగి వింటుంది.

ఏరు సముద్రంలో కలిసేచోట ఈ ఒడ్డుకో భాష, ఆ ఒడ్డుకో భాష. ఒక ఒడ్డు మాటను ఇంకో ఒడ్డు మాటగా మార్చి పలికే పెట్టెను వకుళ తయారుచేసింది. దానికి వ్యాకరణం చెప్పలేదు. ఈ ఒడ్డు రాజుగారి కొలువులో ఒక మూల పెట్టి, దుబాసీలు ఎలా చెబితే అలా నేర్చుకోమంది. కొన్నేళ్ళకు పెట్టె వాళ్ళకంటే చురుగ్గా తయారైంది. రాజు దుబాసీలను ఇళ్ళకు పంపేశాడు.

ఒకనాడు అవతలి ఒడ్డున ఉప్పు పండించుకునే ఒకామె కొలువుకు వచ్చింది. వెంట వాళ్ళ ఊరి పెద్ద ఉన్నాడు. ఆమె ఉప్పుమళ్ళు పూడ్చి ఓడరేవు కట్టాలని రాజు కోరిక. ఆమె సరేనంటే ఊరిపెద్ద వేలిముద్ర వేస్తాడు.

"చచ్చినా ఇవ్వను. ఇవి పోతే నా పిల్లలకి మన్ను పెట్టనా?" అంది ఆమె.

"సమ్మతమే," అంది పెట్టె.

వకుళ ఉలిక్కిపడింది. ఆమెకు అవతలి భాష కొంచెం వచ్చు. "మళ్ళీ చెప్పమ్మా," అంది.

ఆమె అరిచి చెప్పింది.

"ఎంతో సమ్మతం," అంది పెట్టె.

అప్పుడు వకుళకు తట్టింది. ఆ కొలువులో ఆడది నోరు తెరిస్తే, మాట ముగిసేలోపే దుబాసి "సమ్మతమే" అనేయడం ఆచారం. పెట్టె శ్రద్ధగా నేర్చుకుంది, అంతే.

ఊరిపెద్ద వేలు సిరాలో ముంచాడు.

"నీకు చెవులు లేవా మావా? ఇవ్వనన్నానా లేదా?" అంది ఉప్పుమళ్ళామె.

"ఇవ్వనన్నావని నేనూ విన్నానమ్మా, కానీ పెట్టె సమ్మతమంది. పెట్టె చదువుకుంది. అది అబద్ధమాడుతుందా?"

"మహారాజా, పెట్టె తప్పు చెబుతోంది. ఆమె ఒప్పుకోలేదు," అంది వకుళ.

రాజు నవ్వాడు. "ఇన్నాళ్ళూ లేని తప్పు ఇవాళెక్కడిది తల్లీ? నీకన్నా నీ పెట్టే బుద్ధిమంతురాలు."

ఈలోగా పెట్టె ఊరిపెద్ద భాషలో చెప్పేసింది: "తయారుచేసినామెకీ సమ్మతమే."

వకుళ పెట్టె మూత వేసేసింది. ఉప్పుమళ్ళామె ఊరిపెద్ద మణికట్టు ఒడిసిపట్టుకుంది.

"ముద్ర వేశావో, ఈ వేలు నీకుండదు!"

రాజుకు ఆ భాష రాదు. అయినా అర్థమైంది. ఊరిపెద్ద సిరా వేలు పంచెకు తుడుచుకున్నాడు.

తర్వాత వకుళ ఇంకో పెట్టె చేసింది. ఉప్పుమళ్ళ గట్ల మీద తగువులాడుకునే ఆడవాళ్ళ దగ్గర దానికి మాటలు నేర్పింది. దాన్ని ఏ రాజూ కొనలేదు.