పీనుగని పేరుపడ్డ తిమింగలం

ఒకప్పుడు, సముద్రమే గడ్డకట్టే ఉత్తరపు చివర్లో, నార్వాల్ అనే తిమింగలానికి ఇంకా ఆ పేరు లేదు. కోర లేదు, ఒంటిమీద ఒక్క మచ్చ లేదు. నేరేడుపండులా నిగనిగలాడేది. నోట్లో రెండు పళ్లు, అంతే.

ఒక ఏడు చలి ముందే వచ్చిపడింది. మంచు సముద్రానికి మూత పెట్టేసింది. తిమింగలం చేప కాదర్రా, దానికీ మనలాగే గాలి కావాలి! మంద వెళ్లిపోయింది. ఒక తండ్రీ, చంటిపిల్లా వెనకబడ్డాయి. వాటికి మిగిలింది మంచులో ఒకే ఒక్క కన్నం. అదీ పూడిపోతోంది.

“నాన్నా, గాలి...” అంది పిల్ల.

తండ్రి గబుక్కున కన్నంలో తల పెట్టి, ఎడమ పన్ను మంచులో గుచ్చింది. పక్కన పిల్ల ఊపిరి తీసుకునేంత సందు మిగిలింది. తను కదిలితే అదీ మూసుకుపోతుంది. అందుకని కదల్లేదు. రెప్పయినా వెయ్యలేదు.

మంచు పన్నును పట్టి లాగింది, గాలి మంచును తిప్పింది. పన్ను ఊడలేదు, మెలికలు తిరుగుతూ సాగింది. ఒంటిమీద పడ్డ మంచు పడ్డచోటే తెల్లమచ్చలై అంటుకుపోయింది.

నెల్లాళ్లకి హాల్వార్ అనే వేటగాడూ, వాడి భార్య రగ్నా అటు వచ్చారు.

“పీనుగే! నీళ్లలో నానితే ఇలాగే మచ్చలు పడతాయి,” అంటూ హాల్వార్ గొడ్డలి ఎత్తాడు. “ఈ మెలి కొమ్ము నరికి పట్టుకుపోదాం.”

ఆ దెబ్బ పడిందా, పిల్ల పని సరి!

“ఆగు బాబూ,” అంది పీనుగు.

రగ్నా చేతిలో బుట్ట జారిపోయింది. “ఏమయ్యా, అది మాట్లాడింది!”

“పీ... పీనుగులు మాట్లాడవే,” అన్నాడు హాల్వార్, పళ్లు టకటకలాడుతుంటే.

అంతలో కోర పక్కనుంచి ఒక చిన్న తల పైకొచ్చి, ఫుస్సుమని ఊపిరి వదిలింది.

“పీనుగు పిల్లని పెట్టిందిరోయ్!” అని అరిచి, గొడ్డలి పారేసి, హాల్వార్ కాలికి బుద్ధి చెప్పాడు. ఊరంతా అదే చాటాడు.

రగ్నా పారిపోలేదు. ధైర్యమనుకునేరు, కాళ్లు రాక! నిలబడి చూస్తే సంగతి తెలిసింది. అయ్యో తండ్రీ అనుకుని, గొడ్డలి తీసి సందు వెడల్పు చేసింది. మంచు విరిగేదాకా రోజూ వచ్చి నరికింది.

మంచు విరిగింది. తండ్రి ఆనందంగా పిల్ల వైపు తిరిగింది. ఇన్నాళ్లూ కిందినుంచి దాని పొట్ట మాత్రమే చూసిన పిల్ల కెవ్వుమంది.

“అమ్మో, పీనుగు! మా నాన్న నల్లగా ఉంటాడు! నువ్వెవరు?”

వేటగాడు అంటే అన్నాడు, కన్నబిడ్డ కూడానా! ఆ కోర లోపలికి పోదు, మచ్చలు తుడిస్తే పోవు. ఏం చెయ్యాలో తోచక తండ్రి నీటిమీద కదలకుండా పడుకుంది.

పిల్ల బెదురుతూ దగ్గరికొచ్చింది. కోర పక్కన తల పెట్టి ఊపిరి పీల్చింది. మళ్లీ పీల్చింది.

“నాన్నా!” అంది.

అప్పటినుంచే నార్వాల్ ఎడమ పన్ను మెలి తిరిగిన కోరయింది. ఏడాదికేడాది దాని ఒళ్లు తెల్లబడుతుంది. హాల్వార్ అరిచిన పేరే నిలిచింది. వాళ్ల మాటలో నార్వాల్ అంటే పీనుగు తిమింగలమనే. ఈనాటికీ అది నీటిమీద కదలకుండా పడుకుంటే, చూసినవాళ్లు చచ్చిందనుకుని ఉలిక్కిపడతారు. పిల్ల మాత్రం దాని పక్కనే హాయిగా ఊపిరి తీసుకుంటుంది.