తేదీ లేని వరుసలు

హైమ రాసిన కథనం నాలుగు రోజులుగా దామోదరం గారి బల్ల మీదే పడి ఉంది. అచ్చుకి వెళ్ళలేదు, వెనక్కీ రాలేదు.

ఆ కోస్తా పట్నంలో చిన్న దినపత్రిక అది. దామోదరం గారు సంపాదకుడు. హైమకి వార్త రాయడం నేర్పింది ఆయనే. మంచిచెడ్డలు నోటితో చెప్పే అలవాటు ఆయనకి లేదు.

హైమకి మాత్రం మనసు ఆగడం లేదు. మూడు నెలలు మత్స్యశాఖకి అర్జీలు పెట్టి, పదేళ్ళుగా ఆ తీరంలో వేటకెళ్ళి ప్రాణాలు పోగొట్టుకున్న మత్స్యకారుల జాబితా సంపాదించింది. ఏడాదికేడాది లెక్కగట్టి గ్రాఫ్ గీసింది. ముప్పై ఒకటి దగ్గర మొదలైన గీత తొమ్మిదికి దిగింది. ‘కడలి కరుణిస్తోంది’ అని శీర్షిక పెట్టింది. ఆ మాట తట్టినప్పుడు తనకే ముచ్చటేసింది.

ఐదో రోజు ఉండబట్టలేక ఆయన గదిలోకి వెళ్ళింది.

“తప్పుంటే చెప్పండి మాస్టారూ. దిద్దుకుంటాను.”

“జాబితా నీకు ఇలాగే ఇచ్చారా?”

“లేదండీ, నేనే శుభ్రం చేశాను. సగం సగం నింపిన వరుసలు తీసేశాను. చనిపోయిన తేదీ లేకపోతే ఏ ఏడాది కింద వెయ్యను?”

“అలాంటివి ఎన్ని?”

“యాభై మూడు.”

“ఒకటి చదువు.”

హైమ పాత ఫైలు తెరిచింది. “చోడిపల్లి దానయ్య. ముప్పై నాలుగేళ్ళు. పాతరేవు. వేటకెళ్ళిన తేదీ ఉంది. చనిపోయిన తేదీ దగ్గర ఏమీ లేదు.”

దామోదరం గారు లేచి చెప్పులు తొడుక్కున్నారు. “పద,” అన్నారు.

పాతరేవులో బస్సు దిగి ఇసుకలో చాలాదూరం నడిచారు. దానయ్య ఇల్లు ఎవరో చూపించారు. ఇంటి ముందు అతని భార్య పోలమ్మ, ఎండబెట్టిన చేపల్ని ఒక్కొక్కటే తిరగేస్తోంది. నుదుట రూపాయంత బొట్టు, చేతుల నిండా గాజులు.

హైమ గుండె తేలికపడింది. మనిషి బతికే ఉన్నాడన్నమాట. ఆ వరుస తీసేసి తను మంచిపనే చేసింది.

“మీ ఆయన వేటకెళ్ళాడా అమ్మా?” అని అడిగింది.

పోలమ్మ చెయ్యి చేప మీదే ఆగిపోయింది.

“ఎల్లాడమ్మా,” అంది. “మూడేళ్ళయింది.”

దామోదరం గారు పంచె సర్దుకుని పోలమ్మకి ఎదురుగా ఇసుకలో కూర్చున్నారు. ఆయనా ఒక్కో చేపనీ తిరగెయ్యడం మొదలుపెట్టారు.

కాసేపటికి పోలమ్మే అంది: “శవం దొరికితే సచ్చినట్టు. మావోడు దొరకనేదు. బొట్టు తీత్తానంటే మా అత్త ఒప్పదు. నా కొడుకొత్తాడు, ఉంచుకోమంటాది.”

“మత్స్యశాఖ ఆఫీసులో ఏమన్నారు?” హైమ అడిగింది.

“కాయితంలో సచ్చిన తేదీ రాయమన్నారు. ఎల్లిన రోజు రాయాలా? ఆ రోజు నాకు సెయ్యూపి మరీ ఎల్లాడు. గాలివాన కొట్టిన రోజు రాయాలా? నేనేటి సూశానా? సదువుకున్నదానివి, నువ్వే సెప్పమ్మా. ఏ తేదీ రాయమంటావు?”

హైమ గురువు వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు.

“మీ మావగారి కాలంలోనూ ఇంతేనా తల్లీ?” అని మాత్రం పోలమ్మని అడిగారు.

“అప్పుడు ఒడ్డు కనపడేంత దూరంలోనే వేట బాబూ. మనిషి పోయినా అల తెచ్చి ఒడ్డునేసేది. ఇప్పుడు సేప దూరం పోనాది. మూడు రోజులు ఎల్తేగాని వల బరువెక్కదు. అంత దూరంలో పోయినోడిని ఎవులు తెత్తారు?”

గీత ఎందుకు దిగిందో హైమకి తెలిసింది. తగ్గినవి ఒడ్డుకి చేరే శవాలే.



మర్నాడు హైమ యాభై మూడు వరుసలూ తిరిగి చేర్చింది. వేటకెళ్ళిన ఏడాది కింద ఒక్కొక్కరినీ వేస్తుంటే గీత పైకి లేచింది. లేస్తూనే ఉంది. ఈసారి ముచ్చటైన మాటలేవీ తట్టలేదు. పోలమ్మ చెప్పింది చెప్పినట్టు రాసి, కింద ఆ యాభై ముగ్గురి పేర్లూ, ఊళ్ళూ, వేటకెళ్ళిన తేదీలూ ఇచ్చింది. పైన ‘మృతుల వివరాలు’ అని పెట్టింది.

దామోదరం గారు చివరిదాకా చదివారు. ఎర్ర కలం తీసి ఆ రెండు మాటల కింద గీత గీశారు.

“ఇది పోలమ్మ ముందు పైకి చదవగలవా?”

హైమ కాగితం తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రెండు మాటల చోట ఏం పెట్టాలా అని సాయంత్రం దాకా కూర్చుంది.

ఆదివారం పత్రికలో అది వచ్చింది. హైమ ఒక ప్రతి పట్టుకుని ఒక్కతే పాతరేవు వెళ్ళింది. పోలమ్మకి చదువు రాదు. హైమ ఆమె వేలు పట్టుకుని దానయ్య పేరు మీద ఉంచింది. పోలమ్మ ఆ వేలు తియ్యలేదు.

“ఇది సచ్చినోళ్ళ పట్టీయా అమ్మా?”

“కాదమ్మా.”

“మరి పైన ఏటి రాసుంది?”

“ఇంకా ఇంటికి రానివాళ్ళు.”

పోలమ్మ చాలాసేపు పేపరు వైపే చూసింది. తర్వాత హైమ చెయ్యి పట్టుకుని లేచింది.

“ఆ మాట మా అత్తకి సదివి ఇనిపించు,” అంది.