పంతులుగారి జీర్ణోద్ధరణ

మువ్వలకోన రాజా ముమ్మడి రాయలవారికి ఒక ఉదయం తాంబూలం నములుతూ ఉండగా కోరిక పుట్టింది. రాజుల కోరికలు అలాగే పుడతాయి. అవస్థ మాత్రం పక్కనున్నవాళ్లది.

"విజయదశమినాడు పట్టపుటేనుగెక్కి ముత్తవ్వగారి వంతెన దాటుతాం!" అన్నారు.

నది అవతల సాలెపేట నేతగాళ్లు బట్టల మూటలతో పుట్టిలో సంతకు వస్తూ వరదకు కొట్టుకుపోతుంటే చూడలేక, రాజుగారి ముత్తవ్వ కట్టించిన రాతి వంతెన అది. కమానులు బీటలు తీసి చాలా కాలమైంది. దాని జీర్ణోద్ధరణకని నగరసభ ఏటేటా ఖజానా నుంచి సొమ్ము తీసుకుంటోంది.

నేను కాలేజీలో ఉన్నప్పుడు మా చరిత్ర లెక్చరరుగారు, మన పూర్వులకు స్థానిక పాలన తెలియదనేవారు. తెలియకేం? దివ్యంగా తెలుసు. తీర్మానం, దానికో సవరణ, సవరణకు అభినందన, మధ్యలో ఫలహారం. ఆయన్ని మువ్వలకోన నగరసభలో ఒక్క పూట కూర్చోబెడితే పాఠం మార్చుకునేవారు. సరే, ఎక్కడున్నాం? వంతెన దగ్గర.

ఆ సభకు పెద్ద, ఈమధ్యే కొత్త రాతి మేడ కట్టించుకున్న గరుడాచలం పంతులు. ముందు ఆయన పొట్ట సభలోకి వచ్చేది, కాసేపటికి ఆయన వచ్చేవారు. వంతెనకు ఆయన చేసిన మరమ్మతు ఏమిటంటే, బీటల మీద సున్నం, సున్నం మీద కుంకుమబొట్లు, మొదట్లో సభ్యులందరి పేర్లతో ఒక శిలాఫలకం. వంతెన మొత్తంలో గట్టి రాయి అదొక్కటే.

"జీర్ణోద్ధరణ పూర్తయింది ప్రభూ! ఏనుగు కాదు, ఏనుగుల మంద నడవచ్చు" అన్నారు పంతులు.

రాజుగారి పక్కన తమలపాకుల పెట్టె పట్టుకుని నిలబడే బుచ్చన్నకు ఆ వంతెన సంగతి తెలుసు. ఏనుగు ఎక్కితే ఏనుగూ, రాజూ, మావటీ కలిసి నదిలోకే.

"ప్రభూ, ఆ వంతెన..." అని నోరు తెరిచాడు.

"అదిగో! మళ్లీ ఏడుపు!" పంతులు అందుకున్నారు. "ఆకులకు సున్నం రాసేవాడు కూడా రాళ్ల గురించి మాట్లాడేవాడే!"

రాజుగారికి వంతెన మీద ఫిర్యాదులు వినీ వినీ విసుగెత్తింది.

"ఇక చాలు! వంతెన బాగాలేదన్న మాట ఎవరి నోట వచ్చినా, ఎంతటివాడైనా సరే, ఆ క్షణమే కొలువు ఊడుతుంది!"

"ఆ 'ఎంతటివాడైనా' అన్నది మరొక్కసారి సెలవివ్వండి ప్రభూ, కొందరికి చెవులు తక్కువ" అన్నారు పంతులు బుచ్చన్న వైపు చూస్తూ.

రాజుగారు మరోసారి సెలవిచ్చారు.

బుచ్చన్న ఒక ఆకు ఈనె తీసి, సున్నం రాసి, నెమ్మదిగా చుట్టాడు. నిజం చెబితే తన కొలువు పోతుంది. చెప్పకపోతే రాజు పోతాడు. చుట్టడం అయ్యేసరికి ముఖం విప్పారింది.

"వంతెన అద్భుతం ప్రభూ! ఇంత పని చేసిన పంతులుగారికి సత్కారం జరగొద్దూ? ముందురోజే అవతలి ఒడ్డున విందు ఏర్పాటు చేస్తాను. తమరు ఇవతలి ఒడ్డున కూర్చుని కళ్లారా చూడండి."

సత్కారం మాట వినగానే పంతులుగారు తలూపేశారు. ఏ ఒడ్డున అన్నది ఆయన చెవికి ఎక్కలేదు.

మహర్నవమినాడు వంటవాళ్లను పుట్టిలో అవతలికి చేరవేశాడు బుచ్చన్న. బూరెలు వేగుతున్నాయి. నేతి వాసన గాలికి నది దాటి వస్తోంది. రాజుగారు ఇవతల పందిట్లో కూర్చున్నారు. పంతులుగారు వంతెన మొదట్లో నిలబడ్డారు. సభ్యులు ఆయన వెనక నిలబడ్డారు. వెనక నిలబడటంలో వాళ్లకు మంచి అనుభవముంది.

"దయచేయండి పంతులుగారూ, బూరెలు చల్లారిపోతున్నాయి" అన్నాడు బుచ్చన్న.

"ఇవాళ నాకు... ఉపవాసం."

"మూతికి పెసరట్టు అంటుకుందండీ."

పంతులుగారు గబుక్కున మూతి తుడుచుకున్నారు. పందిట్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"అది కాదోయ్, మోకాలు నొప్పి. అంత దూరం నడవలేను."

"అయ్యో, ఆ మాట ముందే అనుకున్నానండీ! అందుకే పల్లకీ తెప్పించాను. ఒరే, రండ్రా!"

ఎనిమిది మంది బోయీలు పెద్ద పల్లకీతో వచ్చి దించారు. ఇద్దరు పంతులుగారి రెక్కలు పట్టుకుని లోపల కూర్చోబెట్టబోయారు. పంతులుగారు ఒకసారి బోయీల భుజాల కేసి చూశారు. ఒకసారి తన పొట్ట కేసి చూసుకున్నారు. మరోసారి తెల్లగా మెరిసే వంతెన కేసి చూసి, గావుకేక పెట్టారు.

"వదలండ్రా! పిల్లి నడిస్తేనే రాళ్లు రాలుతున్నాయి, ఎనిమిది మందా! చంపుతార్రా నన్ను!"



బుచ్చన్న చేతులు కట్టుకుని రాజుగారి వైపు తిరిగాడు.

"ప్రభూ, నేను ఒక్క మాట కూడా అనలేదు."

రాజుగారి ముఖం ఎర్రబడింది. రేపు ఆ రాళ్ల మీద ఎవరు వెళ్లవలసి ఉందో అప్పుడు గుర్తొచ్చింది.

"ఎంతటివాడైనా అన్నాం కదూ పంతులూ? నువ్వే రెండోసారి చెప్పించావు. పో, నీ కొలువు ఊడింది! ఇంతకీ ఆ సొమ్మంతా ఏమైంది? జీర్ణోద్ధరణ అని కదా తీసుకున్నావు!"

పంతులుగారు పల్లకీ చాటుకు జరిగారు. బుచ్చన్నే వినయంగా జవాబిచ్చాడు.

"పంతులుగారు అబద్ధమాడలేదు ప్రభూ. సగం పని అయింది. జీర్ణమైంది. ఇక ఉద్ధరణే మిగిలింది."

రాజుగారు పందిరి గుంజ పట్టుకుని మరీ నవ్వారు. బోయీలు నవ్వారు. పంతులుగారి వెనక ఉన్న సభ్యులు ఏకగ్రీవంగా నవ్వారు.

"ఆ ఉద్ధరణ పంతులు కొత్త మేడ రాళ్లతో జరగాలి!" అని ఆజ్ఞాపించి, రాజుగారు మెడలోని ముత్యాల హారం తీసి బుచ్చన్న మెడలో వేశారు. "మరి అవతల ఆ విందో?"

"సాలెపేటవాళ్లను కూర్చోమన్నాను ప్రభూ. అదొక్కటైనా న్యాయంగా జీర్ణం కానివ్వండి."