సీతాఫలపు గుజ్జును కాపాడిన చలిగదిలక్ష్మి వ్రతము

అక్షతలు చేత పట్టుకొని శ్రద్ధగా వినుడు. పూర్వము హిమవత్పర్వత పాదమున ఔదుంబర మహాముని తుహిన మహర్షిని సమీపించి, "స్వామీ! సీతాఫలము కార్తికమున పండును. మరునాటికి మెత్తబడును, మూడవనాటికి నల్లబడును. అట్టిదానిని కలియుగ మానవులు నడివేసవిలో ఎట్లు తినగలుగుదురు? ఏ వ్రతము చేసి ఆ భాగ్యము పొందుదురు?" అని యడిగెను. తుహినుడు నవ్వి, అది చలిగదిలక్ష్మి మహిమ యని చెప్పి, ఈ కథ వినిపించెను.

తూర్పు కొండల దిగువన బొడ్డగూడెమను ఊరిలో వరహాలమ్మ యను ఇల్లాలు కలదు. ఆమె భర్త ఎరకయ్య మంచివాడే గాని, గొప్పలు చెప్పుకొననిదే అన్నము సహింపనివాడు. ఊరి స్త్రీలు ఇరువదిమంది కొండ సీతాఫలములను విప్పి, గింజలు తీసి, గుజ్జును డబ్బాలకెత్తుచుండిరి. వరహాలమ్మ ఆ డబ్బాలను చలిగదిలో గడ్డకట్టించి, పట్నములో ఐస్‌క్రీము చేయువారికి అమ్ముచుండెను.

లైసెన్సు ఇచ్చిననాడు అధికారులు ఆమెకు మూడు నియమములు చెప్పిరి. గదిలో చలి సున్నకు దిగువ పద్దెనిమిది డిగ్రీలుండవలెను. మూడు పూటలా తలుపు మీది అంకెను చూచి, చూచినది చూచినట్లు పుస్తకమున వ్రాయవలెను. ఒకసారి కరిగినదానిని మరల గడ్డకట్టించి అమ్మరాదు. తప్పినచో లైసెన్సు పోవును, ఇరువదిమంది నోటి దగ్గరి కూడు పోవును. వరహాలమ్మ ఆ మూడింటినే వ్రతముగా పట్టి, స్నానము చేసి బొట్టు పెట్టుకొనిగాని అంకె చూచెడిది కాదు. లక్ష్మి సంతసించెను. గుజ్జు పాలవలె తెల్లగా నుండెను.

చైత్రమున ఎండలు ముదురగా ఎరకయ్య బావమరదులు చుట్టపుచూపుగా వచ్చిరి. అతడు వారిని గదిలోనికి తీసికొనిపోయి చల్లదనము చూపించెను. వారు మరునాడు తమ తోడల్లుళ్లను వెంటబెట్టుకొని వచ్చిరి. తలుపు మూసిన పాపాన ఒక్కరును పోలేదు. వాకిలి దగ్గరి డబ్బాలన్నియు కరిగి నల్లబడెను, అవి పారబోయవలసివచ్చెను. వరహాలమ్మ రెండుదినములు భర్తతో మాటలాడలేదు. మూడవనాడు అతడే పోయి తలుపునకు గొళ్లెము బిగింపగా, ఆమెకు నవ్వు వచ్చి, అతని విస్తరిలో రెండవమారు చారు పోసెను. నియమము మరల నిలిచెను, లక్ష్మియు మరల వచ్చెను.

ఆ సంతోషమున వరహాలమ్మ మరింత పెద్ద తప్పు చేసెను. అది భక్తులు మాత్రమే చేయగల తప్పు. వైశాఖమున ఒక శుక్రవారము సాయంకాలము చలిగది తలుపునకు పసుపు రాసి, మామిడాకుల తోరణము కట్టి, లోపల హారతి యిచ్చెను. తోరణపు ఆకొకటి తలుపు రబ్బరులో ఇరుక్కొనెను. తలుపు మూసినట్లే కనబడెను గాని, చలి కారిపోవుచునే యుండెను.

తెల్లవారి చూడగా అంకె సున్నకు దిగువ ఆరే చూపెను. డబ్బాలో వేలు పెట్టగా కణుపుదాకా దిగెను. అంతలో తనిఖీ అధికారిణి బస్సు దిగెనని కబురు వచ్చెను.

ఎరకయ్య పుస్తకము ఆమె ముందుకు తోసి, "ఓలే వరాలా, పద్దెనిమిదని రాసీయే! సాయంత్రానికి మల్లీ గడ్డకట్టేస్తాది. ఎవులికి తెలుస్తాదే?" అనెను.

"నాకు తెలుస్తాది కదేటి మావా!" అని వరహాలమ్మ ఏడ్చెను. ఇరువదిమంది ముఖములు కన్నుల ముందు మెదలినను, ఆరని వ్రాసెను.

అధికారిణి పుస్తకము తిరగవేసి, ఏమి చేయుదువని యడిగెను. కరిగినదంతయు పాతిపెట్టెదనని ఆమె చెప్పి, అందరి యెదుట గొయ్యి తీయించి, డబ్బా తరువాత డబ్బా గుమ్మరించెను. స్త్రీలు కొంగులు నోటికడ్డము పెట్టుకొని ఏడ్చిరి. అప్పుడు అధికారిణి రబ్బరులోని ఆకును మెల్లగా లాగి ఆమె చేతిలో పెట్టి, "తోరణం నీ ఇంటి గుమ్మానికి కట్టుకో తల్లీ. నా తలుపు గట్టిగా మూస్తే చాలు, అదే నాకు పూజ. ఆరని రాసిన చెయ్యి కాబట్టి, పద్దెనిమిదని రాసినవన్నీ నమ్మాను" అని పలికి వెడలిపోయెను.

మరునాడు అసలు అధికారి జీపులో వచ్చి, తమవారెవరును నిన్న రాలేదనెను. పుస్తకమును, గొయ్యిని చూచి, ఆరని వ్రాసిన చేయి గనుక తక్కినవన్నియు నమ్మితినని తానును పలికి ముద్ర వేసెను. నిన్న వచ్చినది లక్ష్మియే యని వరహాలమ్మకు అప్పుడు తెలిసెను. మూసిన తలుపునకు చెంప ఆనించి, "నిన్ను గురుతు పట్టలేకపోనాను కదమ్మా" అని చాలసేపు ఏడ్చెను. ఆరని వ్రాసిన సంగతి విని పట్నమువారు, ఈమె మాట నమ్మదగినదని, రాబోవు కార్తికపు గుజ్జంతయు ముందే అడిగిరి. ఇరువదిమంది చాలక ముప్పదిమంది పనిలో చేరిరి.

కావున ఓ ఔదుంబరా! పండ్లు గడ్డకట్టించువారు, చేపలమ్మువారు, చలిబండి నడుపువారు, ఇంట ఫ్రిజ్ తలుపు తెరచి ఏమి తినవలెనాయని నిలుచుండి ఆలోచించువారు ఈ వ్రతము తప్పక చేయవలెను. చేసినవారి గుజ్జు నల్లబడదు, బండిలోని సరుకు తిరిగిరాదు, ఆలుమగలు అలిగినను మూడవనాటికి కలియుదురు. కథ విన్నవారు అక్షతలు శిరమున ధరించి, ప్రసాదము కరుగకమునుపే ఆరగింపవలెను. ఉన్నది ఉన్నట్లు వ్రాసినవారి యింటికి ఏ అధికారి వచ్చినను, పుట్టింటివారు వచ్చినట్లే యుండును.