ఇంకొక్క కట్టే తల్లీ

మీ తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఉన్ననాటి మాట. కాలవ కింద ఒక పల్లె. ఆ పల్లెలో సువార్తమ్మ అని ఒక ముసలమ్మ. నాట్లేసుకుని బతికే మనిషి. చదువు రాదు. పాట రాదు. వాక్యం కంఠతా పట్టమంటే, ఆదివారం పట్టింది సోమవారానికి ఉండేది కాదు.

ఒకనాడు ఏసయ్య గుళ్ళో అయ్యగారు ఒక్కొక్కరినీ అడిగారు, ప్రభువు కోసం ఏం చేస్తారని. ఒకామె పాడతానంది. ఒకామె గుడి ఊడుస్తానంది. ఒకామె పూటపూటా పిడికెడు బియ్యం తీసిపెడతానంది. సువార్తమ్మ వంతు వచ్చింది.

"నాకేం వచ్చు అయ్యగారూ? పొలంలో పక్కనున్నదానికి కాస్త ధైర్యం చెప్పడం వచ్చు."

అందరూ నవ్వారు. అయ్యగారు నవ్వలేదు. "ప్రభువు నిన్ను పిలిచింది ఆ పనికేనమ్మా. మానకు," అన్నారు.

ఆ రోజు నుంచి ఆ ముసలమ్మ నోరు మూతపడితే ఒట్టు.

ఆ యేడు నాట్లకి కెజియమ్మ కొత్తగా వచ్చింది. మగ్గం పని తప్ప ఇంకోటి ఎరగని పిల్ల. మొగుడు పోయాడు. చంకలో పసిబిడ్డ. నాట్లు లేకపోతే ఆ ఇంట్లో గంజి లేదు.

నాట్లేసే ఆడవాళ్ళ ముఠాకి పెద్ద సారమ్మ. ఆమెకో కట్టుబాటుంది. పొద్దు వాలేలోగా తన వరస పూర్తి చెయ్యని మనిషి మర్నాడు పనికి రాకూడదు. ఆడవాళ్ళంతా వంగి, వెనక్కి వెనక్కి జరుగుతూ నాటుతారు. ఒకామె ఆలస్యం చేసిందంటే రెండు పక్కలా నాటేసిన నారు, మధ్యలో ఆమె ఒక్కతే.

మొదటి రోజు కెజియమ్మ అలాగే మిగిలిపోయింది. కళ్ళనిండా నీళ్ళు. సువార్తమ్మ ఆమె పక్కకి జరిగింది.

"ఇంకొక్క కట్టే తల్లీ. నేనిక్కడే ఉన్నాగా."

ఒకటి కాదు, అక్కడ తొమ్మిది నారు కట్టలున్నాయి. పాపం, ముసలమ్మకి లెక్క కూడా రాదనుకుంది కెజియమ్మ. ఏడుపులో నవ్వొచ్చింది. ముసలమ్మ తన వరస నాటుతూనే ఈమె వరసలోనూ కొంత నాటింది. పొద్దు వాలేసరికి ఇద్దరూ గట్టెక్కారు.

రెండో రోజు కెజియమ్మకి నడుం లేవలేదు. గట్టు మీద బిడ్డ ఒకటే ఏడుపు.

"ఇంకొక్క కట్టే తల్లీ. నేనిక్కడే ఉన్నాగా."

ఆ రోజూ ఎలాగో గడిచింది.

మూడో రోజు కెజియమ్మ చేతికి పని పట్టుబడింది. అందరితో సమానంగా గట్టెక్కి, చీర దులుపుకుని చూసింది. నారు మధ్యలో సువార్తమ్మ ఒక్కతే ఉంది. రెండు రోజులు రెండు వరసలు మోసిన నడుం, ఇక నావల్ల కాదంటోంది. పొద్దు తాటితోపు వెనక్కి దిగుతోంది.

"పెద్దదానివైపోయావు వదినా. రేపట్నించి ఇంటిపట్టున ఉండు," అంది సారమ్మ.

మాట మెత్తగానే ఉంది. కానీ పొలానికి రాకపోతే ఆ ముసలమ్మ ఎవరి పక్కన నిలబడాలి? అయ్యగారికిచ్చిన మాట ఎక్కడ చెల్లించుకోవాలి? ఎన్నడూ మూతపడని ఆ నోరు ఆవేళ మూతపడింది. అది చూసి కెజియమ్మ గట్టు మీద ఆగలేదు.

చీర ఎగ్గట్టి మళ్ళీ బురదలోకి దిగింది. ముసలమ్మ పక్కన వంగింది.

"ఇంకొక్క కట్టే పెద్దమ్మా. నేనిక్కడే ఉన్నాగా."

"పదకొండున్నాయే పిల్లా."

"నీకు లెక్క వచ్చా?"

"రాకేం? మొన్న నిజం చెబితే ఇంకా ఏడ్చేదానివి."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు విని గట్టు మీంచి ఒకామె దిగింది. ఇంకొకామె దిగింది. ఆఖరికి సారమ్మ కూడా గొణుక్కుంటూ దిగింది. పొద్దెప్పుడు వాలిందో ఎవరూ చూడలేదు. కట్టుబాటు ఆ బురదలోనే కలిసిపోయింది.

సువార్తమ్మ ఇంకా ఏడేళ్ళు నాట్లేసి, ఒక తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూసింది. ఆ యేడు కోతపండగకి కోసి కట్టిన మొదటి వరి పన గుడికి ఎవరు మోసుకెళ్ళాలన్న మాట వచ్చింది. పెద్దలు నేనంటే నేననుకుంటుంటే సారమ్మ లేచింది.

"ఈ యేడు నాట్లలో అందరికన్నా వెనకబడింది ఎవరో, వాళ్ళే మొయ్యాలి," అంది. అంటూనే ఏడ్చింది.

ఇప్పటికీ ఆ పల్లెలో అంతే. పన మోసే మనిషి ముందు నడుస్తుంది, ముఠా అంతా వెనక. కొత్తకోడళ్ళయితే పోట్లాడుకుంటారు కూడా, "ఈ యేడు వెనకబడింది నేనే, నన్నే మొయ్యనీ" అని.